నాచు విషం నుంచి చేపను మేత ఎంతవరకు కాపాడుతుంది?

మీరు అడిగింది ఇదీ. చెరువు నీరు పచ్చ రంగు కలిపినట్టు చిక్కబడింది. గాలి వీచే వైపు మూలన పచ్చటి తెట్టు కడుతోంది. రోజూ ఐదారు చేపలు చచ్చి తేలుతున్నాయి. పసుపు, వెల్లుల్లి, స్పిరులినా, లివర్ టానిక్ లాంటి సహజమైనవి మేతలో కలిపితే చేపలు ఆ విషాన్ని తట్టుకుంటాయా? తట్టుకుంటే ఎంత కలపాలి, ఎన్నాళ్లు పెట్టాలి?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. కొన్ని పనిచేస్తాయి. కానీ ముందు నుంచీ పెడుతూ వస్తేనే, అదీ కొంతవరకే. వాటివల్ల చేప లివర్‌కి కాస్త తట్టుకునే శక్తి వస్తుంది, నీళ్లలో ఉన్న నాచు మాత్రం ఇసుమంత కూడా తగ్గదు. పైగా ఆ నాచును అంత ఏపుగా పెంచింది మీరు వేస్తున్న మేతే. కాబట్టి మేతలో ఏం కలపాలనేది తర్వాత చూద్దాం, ఈ వారం మేత ఎంత తగ్గించాలనేది ముందు తేల్చుకోండి. ఇరవై ఏళ్లకు పైగా చెరువులు చేస్తున్నాను. ఈ క్రమం తప్పి చేసినప్పుడల్లా నష్టపోయాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అసలు మీ చేపలు నాచు విషంతోనే చస్తున్నాయా అన్నది మొదటి ప్రశ్న. నీరు పచ్చగా ఉండగా చేప చస్తే అందరూ విషమే అనుకుంటారు. నా అనుభవంలో అలాంటి చావుల్లో ఎక్కువ శాతం ఆక్సిజన్ చావులు. పగలంతా నాచు ఎండను తిని ఆక్సిజన్ వదులుతుంది. సాయంత్రం నాలుగింటికి మీటర్ పెట్టి చూస్తే నీళ్లలో ఆక్సిజన్ బ్రహ్మాండంగా ఉంటుంది, మీకు ధైర్యం వస్తుంది. రాత్రి అదే నాచు చేపలతో పోటీపడి ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు మధ్య అది అడుగంటుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందకు దిగితే చేపకు కష్టం మొదలైనట్టే. అందుకే మీటర్ పెట్టాల్సింది తెల్లవారకముందు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుని తిరుగుతున్నాయా, పెద్ద చేపలు ముందుగా పోతున్నాయా, ఎండ ఎక్కాక మిగిలినవి తేరుకుంటున్నాయా అన్నవి చూడండి. మూడూ అవునైతే అది ఆక్సిజన్ సమస్య. దానికి పసుపు ఎంత కలిపినా ఉపయోగం లేదు, ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) తిరగాలి.

రెండోది అమ్మోనియా. నాచు దట్టంగా ఉన్న చెరువులో మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాటడం మామూలే. నీటి వేడి 28 డిగ్రీలు ఉందనుకోండి. పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో చేపకు విషమయ్యే భాగం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8కి అది ఆరేడు శాతమవుతుంది, 9కి దాదాపు 40 శాతం. అంటే ఉదయం టెస్ట్ కిట్‌లో ఫర్వాలేదనిపించిన అదే అమ్మోనియా మధ్యాహ్నానికి మొప్పల్ని కాల్చే స్థాయికి వస్తుంది. కాబట్టి అమ్మోనియా టెస్ట్‌తో పాటు అదే సమయంలో పీహెచ్ కూడా రాసుకోండి. ఒకటి లేకుండా రెండోదానికి అర్థం లేదు.

ఈ రెండూ కాదని తేలాక విషం వైపు చూడాలి. ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. పారదర్శకంగా ఉండే గాజు సీసా తీసుకోండి. గ్లౌజులు వేసుకుని, పైన ఉన్న తెట్టును కాకుండా అడుగు లోతు నుంచి నీళ్లు ముంచండి. మెడ దాకా నింపి మూత పెట్టి, ఎండ తగలని చోట కదపకుండా ఒక రాత్రి ఉంచండి. పొద్దున చూస్తే పచ్చదనమంతా అడుగుకు దిగి ఉంటే అది మామూలు ఆకుపచ్చ నాచు అయ్యే అవకాశం ఎక్కువ. అది మేలు చేసేదే. అలా కాకుండా పైకి తేలి, సీసా మెడ చుట్టూ పచ్చటి ఉంగరం కట్టి ఉంటే అది నీలాకుపచ్చ నాచు, అంటే సయనోబ్యాక్టీరియా కావచ్చు. దాని కణాల్లో చిన్న చిన్న గాలి సంచులు ఉంటాయి, అందుకే తేలుతుంది. ఇంకో గుర్తు పుల్లతో చూడవచ్చు. తెట్టులో పుల్ల ముంచి తీస్తే వెంట్రుకల్లా, దారాల్లా వేలాడితే అది పీచునాచు. పుల్లకు రంగు పూసినట్టు అంటుకుంటే అనుమానించాలి. 1878లో ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సు నీళ్లు తాగి పశువులు చనిపోయినప్పుడు జార్జ్ ఫ్రాన్సిస్ అనే ఆయన శాస్త్ర పత్రికకు రాసిన లేఖలో కూడా ఆ తెట్టును పచ్చటి ఆయిల్ పెయింట్‌తోనే పోల్చాడు. నాచు విషం గురించి శాస్త్ర పత్రికల్లో వచ్చిన తొలి కథనాల్లో అదొకటి. ఇన్నేళ్ల తర్వాత కూడా గట్టు మీద నిలబడితే కనిపించేది అదే దృశ్యం.

అయితే సీసా పరీక్ష జాతి గురించి చెబుతుంది కానీ విషం ఉందో లేదో చెప్పదు. నీలాకుపచ్చ నాచుల్లో ఒకటైన మైక్రోసిస్టిస్ జాతిలోనే విషం చేసే రకాలూ ఉంటాయి, చేయనివీ ఉంటాయి. మైక్రోస్కోప్ కింద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఖాయంగా తెలియాలంటే నీటినో, చేప లివర్‌నో ల్యాబ్‌కు పంపి మైక్రోసిస్టిన్ (ఈ నాచు చేసే విషం) పరీక్ష చేయించాలి.

ల్యాబ్ రిపోర్ట్ వచ్చేలోగా మీరు చేయగలిగింది చేపను కోసి చూడటం. చచ్చి గంటలు గడిచిన చేప పనికిరాదు. నీరసంగా, పక్కకు ఒరిగి ఈదుతున్న బతికిన చేపను పట్టండి. ముందు మొప్పలు చూడండి. తర్వాత పొట్ట కింద నుంచి కత్తిరించి, పేగులు చిట్లకుండా పక్కకు తీసి లివర్‌ను చూడండి. రోహు, బంగారుతీగ లాంటి వాటిలో లివర్ ఒక ముద్దగా ఉండదు, పేగుల మడతల మధ్య అల్లుకుని ఉంటుంది, ఓపిగ్గా విడదీయాలి. ఆరోగ్యంగా ఉన్న లివర్ ఎర్రటి గోధుమ రంగులో, వేలితో నొక్కితే గట్టిగా తగులుతుంది. మేత ఎక్కువై కొవ్వు పట్టిన లివర్ లేత పసుపు రంగులో జిడ్డుగా ఉంటుంది. ఇది చాలా చెరువుల్లో కనిపిస్తుంది, దాన్ని చూసి నాచు విషం అనుకోవద్దు. విషం తగిలిన లివర్ ఉబ్బి ఉంటుంది. ఒకచోట పాలిపోయి, ఇంకోచోట రక్తపు మచ్చలతో, పట్టుకుంటే వేళ్ల మధ్య చిట్లిపోయేంత మెత్తగా ఉంటుంది. మొదటిసారి అలాంటి లివర్ నా చేతిలో విడిపోయినప్పుడు, దీన్ని ఏ టానిక్ మళ్లీ అతికిస్తుంది అనిపించింది. ఈ సమాధానం మొత్తంలో నేను చెప్పదలచుకున్నది ఆ అనుభవం నుంచి వచ్చిందే.

ఆ విషం ఎలా పనిచేస్తుందో కొంచెం తెలిస్తే ఏ సప్లిమెంట్ ఎక్కడిదాకా సాయపడుతుందో మీకే అర్థమవుతుంది. మైక్రోసిస్టిన్ అంటే ఏడు అమైనో ఆమ్లాలు ఉంగరంలా కలిసిన చిన్న అణువు. ఇప్పటికి 250కి పైగా రకాలు గుర్తించారు. నాచు బతికున్నంత కాలం ఇది చాలావరకు కణం లోపలే ఉంటుంది. చేపలోకి ఎక్కువగా వెళ్లేది నోటి ద్వారా, నాచుతో పాటు మింగినప్పుడు. ట్రౌట్ చేపల మీద చేసిన ప్రయోగంలో విషమున్న నాచును నేరుగా కడుపులోకి పంపితే చనిపోయాయి, అదే నాచు కలిపిన నీళ్లలో ఉంచితే చనిపోలేదు. పేగు నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి లివర్‌కి చేరుతుంది. పైత్యరసపు లవణాలను లివర్ కణాల్లోకి మోసుకెళ్లే ద్వారాలుంటాయి, ఈ విషం ఆ ద్వారాల గుండానే లోపలికి దూరుతుంది. లోపలికి వెళ్లాక రెండు పనులు చేస్తుంది. మొదటిది, ప్రొటీన్ ఫాస్ఫటేజ్ 1, 2ఏ అనే రెండు ఎంజైములకు తాళం వేసేస్తుంది. దాంతో కణాన్ని నిలబెట్టే లోపలి అస్థిపంజరం కూలిపోతుంది, కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. లివర్ చిట్లిపోవడం వెనక కారణం ఇదే. రెండోది, కణంలో ఆక్సిడేటివ్ స్ట్రెస్, అంటే ఆక్సిజన్ నుంచి పుట్టే హానికర అణువుల ఒత్తిడి పెంచుతుంది. విషాన్ని బయటకు పంపడానికి లివర్ దాచుకున్న గ్లూటాథయోన్ అనే పదార్థం ఖర్చైపోతుంది.

మనం మేతలో కలిపే సహజ పదార్థాల్లో దాదాపు అన్నీ ఆ రెండో పని మీదే పనిచేస్తాయి. మొదటి తాళాన్ని తీసేది నాకు తెలిసి ఏదీ లేదు. అందుకే ముందు నుంచి పెట్టినప్పుడు ఫలితం కనిపిస్తుంది, చేపలు తేలడం మొదలయ్యాక పెడితే పెద్దగా కనిపించదు. ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోండి. జబ్బుపడిన చేప మేతే తినదు, మీరు కలిపిన మందు తినేది ఇంకా ఆరోగ్యంగా ఉన్న చేప.

ఇక ఒక్కొక్కదాని సంగతి. నాకు ఎక్కువ నమ్మకం ఉన్నవి విటమిన్ ఈ, విటమిన్ సీ, సెలీనియం. తిలాపియాకు మైక్రోసిస్టిన్ ఉన్న నాచు తినిపించి, విటమిన్ ఈ, సెలీనియం, ఎన్-అసిటైల్ సిస్టీన్ (గ్లూటాథయోన్ తయారీకి పనికొచ్చే పదార్థం) ఇచ్చి చూసిన ప్రయోగాలున్నాయి. మూడింటిలోనూ లివర్ దెబ్బ తగ్గింది. కానీ ఆ ప్రయోగాల్లో గమనించాల్సింది ఇంకొకటుంది. సెలీనియంలోనూ, సిస్టీన్‌లోనూ మోతాదు పెంచుతూ పోతే మేలు పెరగలేదు సరికదా, ఎక్కువ మోతాదు తిరిగి ఆక్సిడేటివ్ స్ట్రెస్‌నే పెంచింది. సెలీనియం మరీ సున్నితం. చాలా మంచినీటి చేపలకు కిలో మేతకు ఒక మిల్లీగ్రాము లోపే సరిపోతుంది, మంచి కంపెనీ మేతలో అది ముందే ఉంటుంది. అందుకని సెలీనియం పొడిని విడిగా కొని చేత్తో కలపొద్దని నా గట్టి మాట. విటమిన్ ఈ విషయంలో మేత తయారీదారును ఎంత వేశారో అడగండి, మేత ఎన్ని నెలల కిందటిదో చూడండి. ఎండ తగిలే షెడ్డులో నాలుగు నెలలు పడి ఉన్న బస్తాలో విటమిన్లు సంచి మీద రాసిన అంకెల్లోనే మిగిలి ఉంటాయి.

స్పిరులినా మంచిదే. అందులోని ఫైకోసయానిన్ అనే నీలి రంగు పదార్థం, కెరోటిన్ లివర్‌కి మేలు చేస్తాయని తిలాపియాతో సహా చాలా చేపల్లో చూశారు. మేతలో ఒక శాతం నుంచి మొదలుపెట్టొచ్చు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. స్పిరులినా కూడా సయనోబ్యాక్టీరియానే. అది తనంతట తాను మైక్రోసిస్టిన్ చేయదు కానీ, ఆరుబయట తొట్లలో శుభ్రత లేకుండా పెంచితే వేరే నాచు కలిసిపోయే ప్రమాదం ఉంది. విషానికి విరుగుడుగా కొన్న పొడిలోనే విషం వస్తే ఎలా? మైక్రోసిస్టిన్ పరీక్ష చేసిన రిపోర్ట్ చూపించమని అమ్మేవాళ్లను అడగండి. చూపించలేకపోతే వదిలేయండి.

పసుపులో పనిచేసేది కర్క్యుమిన్. పసుపు పొడిలో అది రెండు నుంచి ఐదు శాతం ఉంటుంది, నీళ్లలో కరగదు, పేగులో సరిగ్గా ఇంకదు. నూనెతో కలిపితే కొంత మెరుగు. నేను కిలో మేతకు 5 గ్రాములు దాటను. అంతకన్నా ఎక్కువ వేస్తే మేత చేదెక్కి చేప వదిలేస్తుంది, వదిలేసిన మేత మళ్లీ నాచుకే ఎరువు అవుతుంది.

వెల్లుల్లి విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. మామూలు రోజుల్లో వెల్లుల్లి నాకూ ఇష్టమే. దంచి పది నిమిషాలు వదిలేస్తే అందులోని అల్లిసిన్ తయారవుతుంది, వేడి చేస్తే పోతుంది. చేప ఆరోగ్యానికి, రోగనిరోధక శక్తికి బాగుంటుంది. కానీ దానికున్న ముఖ్య గుణం ఆకలి పెంచడం. నాచు దట్టంగా ఉన్న వారంలో చేప తక్కువ తినాలి, తక్కువ ఆక్సిజన్ వాడాలి, తక్కువ విసర్జించాలి. అలాంటి సమయంలో ఆకలి పెంచే దినుసు కలపడం సరైన పని కాదు. నీరు చక్కబడ్డాక పెట్టుకోండి.

మిల్క్ థిసిల్ అనే ముళ్ల మొక్క గింజల నుంచి తీసే సిలిమరిన్ మీద నాకు ఆశ ఉంది. ఎలుకల్లో మైక్రోసిస్టిన్ ఇవ్వడానికి ముందే సిలిమరిన్ ఇస్తే లివర్ దెబ్బతినకుండా కాపాడిందని 1990ల ప్రయోగాల్లోనే తేలింది. ఇక్కడ కూడా కీలకం 'ముందే' అన్న మాటే. లివర్ టానిక్ అని అమ్మే సీసాల మీద ఈ పేరు ఉంటే, అందులో ఎంత శాతం ఉందో రాసి ఉందా అని చూడండి. శాతం రాయని సీసాలు చాలా ఉన్నాయి.

బెంటోనైట్ లాంటి బంకమట్టి పొడులు, బొగ్గుపొడి గురించి కూడా అడుగుతారు. మట్టి పొడులు మేతలోని బూజు విషాన్ని, అంటే అఫ్లాటాక్సిన్‌ను బాగా పట్టుకుంటాయి. యాక్టివేటెడ్ కార్బన్ నీటి శుద్ధిలో మైక్రోసిస్టిన్‌ను పట్టుకుంటుంది. కానీ మేతలో ఎక్కువగా కలిపితే విటమిన్లను కూడా పట్టుకుపోతుంది. నేను వాడను. ఈ సందర్భంలో అందరూ మరిచిపోయే సంగతి ఒకటి చెప్పాలి. అఫ్లాటాక్సిన్ కూడా లివర్‌నే కొడుతుంది. బూజు పట్టిన మేత తింటున్న చేప మీద నాచు విషం కూడా పడితే దానికి రెండు వైపులా దెబ్బ. లివర్‌ను కాపాడాలనుకుంటే టానిక్ సీసా కొనే ముందు షెడ్డులోకి వెళ్లి బస్తాలు తెరిచి వాసన చూడండి. గడ్డకట్టిన మేత, ముక్కిపోయిన వాసన వచ్చే మేత, గోడకు ఆనించి తడిసిన బస్తా, వీటిని ఎంత నష్టమైనా పక్కన పడేయండి. నా చెరువుల్లో లివర్ రంగు బాగుపడింది ఈ ఒక్క పని మొదలుపెట్టాకే.

కలిపే పద్ధతి గురించి. మేత మీద పొడి చల్లి అలాగే నీళ్లలో వేస్తే సగం పొడి చేప నోటిదాకా రాదు. పది కిలోల మేతను శుభ్రమైన పట్టా మీద పలచగా పరవండి. పొడులన్నీ ముందు 200 నుంచి 300 మిల్లీలీటర్ల నూనెలో ఉండలు లేకుండా కలపండి. ఆ నూనెను స్ప్రేయర్‌తోనో చేత్తోనో చిలకరిస్తూ, కింది మేత పైకి వచ్చేలా కలియబెట్టండి. అరగంట నీడలో ఆరనివ్వండి. తర్వాత గాజు గ్లాసు నిండా చెరువు నీళ్లు పోసి నాలుగు గుళికలు వేసి ఐదు నిమిషాలు చూడండి. నీళ్లు వెంటనే పసుపు రంగులోకి మారితే మీ మందు చెరువుకు పోతోందని అర్థం. అప్పుడు గోరువెచ్చటి నీళ్లలో కరిగించిన జెలటిన్‌తో ఒక పూత వేసి మళ్లీ పరీక్షించండి. ఆ రోజు కలిపింది ఆ రోజే వేసేయండి, నూనె పూసిన మేత నిల్వ ఉంచితే ముక్కిపోతుంది. ఎన్నాళ్లు అన్నారు కదా, నాచు ఏటా వచ్చే కాలానికి రెండు వారాల ముందు మొదలుపెట్టి, ఆ కాలం అయ్యేదాకా వారంలో నాలుగైదు రోజులు పెడతాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మేతలో నత్రజని ఎంత ఉందో ఎప్పుడైనా లెక్కేశారా? 28 శాతం ప్రొటీన్ ఉన్న మేత 100 కిలోలు వేస్తే అందులో ప్రొటీన్ 28 కిలోలు. ప్రొటీన్‌లో 16 శాతం నత్రజని, అంటే దాదాపు నాలుగున్నర కిలోలు. చెరువు చేప అందులో పావు నుంచి మూడో వంతు దాకా మాత్రమే తన ఒంట్లో నిలుపుకుంటుంది. మిగిలిన మూడు కిలోల పైచిలుకు నీళ్లలోకి, బురదలోకి పోతుంది. రోజూ 100 కిలోల మేత వేసే చెరువులో నెలకు 90 కిలోల నత్రజని ఎరువు చల్లినట్టు లెక్క. దానికి తోడు భాస్వరం. సోయా, తవుడు లాంటి మొక్కల సరుకులో ఉన్న భాస్వరంలో సుమారు మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో, అంటే గింజలు భాస్వరాన్ని దాచుకునే రూపంలో ఉంటుంది. చేపకు దాన్ని జీర్ణం చేసుకునే ఎంజైమ్ లేదు. అది పేగు దాటి బురదలో పడి, మెల్లగా కరిగి నాచుకు అందుతుంది. నీలాకుపచ్చ నాచుకు భాస్వరం అంటే పండగే. పైగా వాటిలో కొన్ని జాతులు గాలిలోని నత్రజనిని కూడా సొంతంగా పట్టుకోగలవు. భాస్వరం ఒక్కటి దొరికితే చాలు వాటికి.

అందుకే, మేతలో ఏదైనా ఒక్కటి కలపమని అడిగితే నేను చెప్పేది ఫైటేజ్ అనే ఎంజైమ్. దీన్ని ఎవరూ లివర్ టానిక్ అని అమ్మరు. ఇది ఫైటేట్‌ను విడగొట్టి ఆ భాస్వరాన్ని చేపకే అందేలా చేస్తుంది. అప్పుడు మేతలో విడిగా వేసే డైకాల్షియం ఫాస్ఫేట్‌ను కూడా తగ్గించుకోవచ్చు. నాచుకు దొరికే తిండి తగ్గుతుంది. దీని ఫలితం వారంలో కనిపించదు, ఒక పంట కాలంలో కనిపిస్తుంది. ఎంజైమ్ కాబట్టి ఎక్కువ వేడికి చచ్చిపోతుంది, గుళిక తయారయ్యాక పైన పూసే రకం తీసుకోవాలి. మేత కంపెనీ వాళ్లను ఇది వేశారా, ఏ దశలో వేశారు అని అడగడం మీ హక్కు.

ఇక ఈ వారం సంగతి. నీరు ఇంత చిక్కగా ఉన్నప్పుడు మేతను సగానికి తగ్గించండి. తెల్లవారుజామున ఆక్సిజన్ 3 కిందకు పడితే ఆ రోజు, మర్నాడు పూర్తిగా ఆపేయండి. చేప రెండు రోజులు పస్తుంటే చావదు. సముద్రపు సాల్మన్ ఫారాల్లోనూ విషపు నాచు వస్తోందని తెలియగానే చేసే మొదటి పనుల్లో మేత ఆపడం ఒకటి. ఖాళీ కడుపుతో ఉన్న చేపకు ఆక్సిజన్ తక్కువ చాలు, మేత కోసం నాచు ఉన్న పై నీళ్లలోకి రాదు. కానీ తిలాపియా, వెండిచేప లాంటివి నాచును కూడా తినే చేపలు. వాటిని వారాల తరబడి పస్తు పెడితే ఇంకా ఎక్కువ నాచు మింగుతాయి. అందుకే పూర్తిగా ఆపడం రెండు రోజులకు మించొద్దు, తర్వాత కొద్దికొద్దిగా మొదలుపెట్టండి. ఏరేటర్లు రాత్రి పది నుంచి ఎండ వచ్చేదాకా తిప్పండి. గాలి వాలున మూలన చేరిన తెట్టును పొద్దున్నే సన్నటి గుడ్డతోనో వలతోనో తోడేసి, వాన నీళ్లకు తిరిగి చెరువులోకి జారకుండా దూరంగా గుంటలో వేయండి. పశువులు, పిల్లలు అటు వెళ్లకుండా చూడండి. మంచి నీళ్లు దొరికితే కొంచెం కొంచెంగా మార్చండి.

చేయకూడనిది ఒకటుంది. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్ చెరువంతా కొట్టొద్దు. ఒకసారి మందుల దుకాణంలో చెప్పిన మాట విని నేను కొట్టాను. సాయంత్రానికి నీళ్లు గోధుమ రంగులోకి తిరిగాయి, నాచు చచ్చిందని సంతోషపడ్డాను. నాచు ఒక్కసారిగా చస్తే కణాల్లో దాగున్న విషమంతా ఒకేసారి నీళ్లలోకి వస్తుందని, చచ్చిన నాచు కుళ్లడానికి ఉన్న ఆక్సిజన్ అంతా ఖర్చవుతుందని అప్పటికి నాకు తెలియదు. తెల్లారేసరికి గట్టు పొడవునా తెల్లటి పొట్టలు. పంటంతా పోయింది. ఆ మందు నీటి ఆల్కలినిటీ (క్షారత) తక్కువగా ఉన్నప్పుడు చేపకు నేరుగా కూడా విషమే, అది లీటరుకు 50 మిల్లీగ్రాముల లోపు ఉన్న చెరువులో అసలు ముట్టుకోకూడదు.

మీ చెరువు ఉప్పు తగిలేదైతే ఒక మాట. అక్కడ ప్రిమ్నీసియం అనే బంగారు రంగు నాచు రావచ్చు. 2022లో యూరప్‌లోని ఓడర్ నదిలో వందల టన్నుల చేపలు చచ్చింది దానివల్లే. దాని విషం లివర్ దాకా వెళ్లదు, నేరుగా మొప్పల్ని దెబ్బతీస్తుంది. 2016లో చిలీలో కోట్ల కొద్దీ, 2019లో ఉత్తర నార్వేలో లక్షల కొద్దీ సాల్మన్లు చచ్చింది కూడా మొప్పల మీద పనిచేసే నాచులతోనే. ఇలాంటి చోట మేతలో కలిపే ఏదీ చేపను కాపాడలేదు. దాని మీద డబ్బు పెట్టకండి, నీళ్లు మార్చడం మీద, చేపలను తరలించడం మీద పెట్టండి.

చివరిగా, ఈ చేపలను ఎప్పుడు పట్టి అమ్మొచ్చు అని మీరు అడగలేదు, కానీ ఇది చెప్పకుండా వదలలేను. మైక్రోసిస్టిన్ ఉడికిస్తే పోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవితకాలం రోజూ తీసుకున్నా ఫర్వాలేదని చెప్పిన పరిమితి, ఒంటి బరువులో కిలోకు 0.04 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకు 2.4 మైక్రోగ్రాములు అన్నమాట. అంత తక్కువ. చేప కండలో విషం తొందరగా తగ్గుతుంది కానీ, లివర్‌లో, పేగుల్లో ఎక్కువ ఉంటుంది, ఎక్కువ రోజులు నిలుస్తుంది. తెట్టు ఉన్నప్పుడు పట్టుబడి, అంటే చేపలు పట్టడం, పెట్టుకోవద్దు. నీరు తేటపడ్డాక కనీసం రెండు వారాలు ఆగి, వీలైతే ఒకటి రెండు చేపలు పరీక్షకు పంపి, రిపోర్ట్ చూసి పట్టండి. ఈలోగా చచ్చి తేలిన చేపలను ఎవరికీ ఇవ్వొద్దు, కోళ్లకూ కుక్కలకూ వేయొద్దు. సున్నం చల్లి లోతుగా పాతిపెట్టండి. రేపు తెల్లవారుజామున ఐదింటికి ఆక్సిజన్, అదే రోజు మధ్యాహ్నం మూడింటికి పీహెచ్, అమ్మోనియా, ఒక రాత్రి ఉంచిన సీసా ఫోటో, ఈ నాలుగూ ఇక్కడ పెట్టండి. అవి చూసి మేత ఎంతకు తగ్గించాలో అంకెతో సహా చెబుతాను.